పేటెంటు దేనికి వస్తుంది, దేనికి రాదు?



భూమికి పట్టా ఉన్నట్లే, కొత్తగా కనిపెట్టిన వస్తువుకు ప్రభుత్వంవారు ఇచ్చే హక్కు పత్రం ఒకటి గలదు. దానినే పేటెంటు అంటారు. పట్టా తరతరాలకూ నడుస్తుంది. పేటెంటు మాత్రం దరఖాస్తు పెట్టిన నాటినుండి 20 ఏండ్లే, అదీ రుసుము సక్రమంగా కడుతూ ఉంటేనే. ఆ కాలంలో మీ అనుమతి లేకుండా మరొకరు ఆ వస్తువును చేసి అమ్మరాదు.

గ్రామాలలో నన్ను రెండు ప్రశ్నలు అడుగుతూ ఉంటారు. "అయ్యా, నేనొక కలుపు పరికరం చేశాను, పేటెంటు వస్తుందా?" అని కొందరు. "విత్తనానికి పేటెంటు ఉందట, దాచుకుని మళ్లీ విత్తితే కేసు పెడతారట, నిజమేనా?" అని మరికొందరు. ఈ రెండోవారి మాటలో భయం వినబడుతుంది. కనుక ముందు వారికే జవాబు చెబుతాను.

మన 1970 నాటి పేటెంట్ల చట్టం మూడవ సెక్షనులో, పేటెంటు ఇవ్వకూడనివి ఏవో రాసి ఉంది. మొక్కలకు, పశువులకు, విత్తనాలకు, వంగడాలకు పేటెంటు లేదు. సూక్ష్మజీవుల మాట వేరు. సేద్యపు పద్ధతికీ లేదు. మీరు వరిని కొత్త ఎడంలో నాటి నాలుగు బస్తాలు ఎక్కువ పండించినా ఆ పద్ధతి నాదేనని పత్రం పుచ్చుకోలేరు. అందుకు దిగులు పడనక్కరలేదు. మరొకడు పుచ్చుకుని మిమ్మల్ని ఆపనూ లేడు గదా!

వంగడాలకు 2001 నాటి చట్టం వేరే ఉంది. దానికింద వంగడాన్ని ఎవరు రిజిస్టరు చేయించుకున్నా సరే, రైతు తన పంటలోని గింజ దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇరుగుపొరుగుకు మారకం ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. రిజిస్టరయిన వంగడాన్ని పేరు అచ్చువేసిన సంచిలో విత్తనంగా మాత్రం అమ్మరాదు. మీ ఇంట తరాలుగా ఎంచి కాపాడిన వంగడం ఉంటే, దానిని మీ పేరనే రిజిస్టరు చేయించుకోవచ్చు. (హైబ్రిడ్ గింజ మళ్లీ విత్తితే పైరు ఒక తీరుగా రాదు. అది చట్టం సంగతి కాదు, గింజ సంగతి.)

తాతలనాటి తెలివికీ పేటెంటు లేదు. పసుపుతో గాయం మాన్పడానికి అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలివారు పాత గ్రంథాలలోని ఆధారాలు చూపగా 1997లో అది రద్దయింది. వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టడానికి ఐరోపాలో ఇచ్చినదీ 2000లో రద్దయి, 2005లో అప్పీలులోనూ నిలవలేదు.

ఇక పరికరం సంగతి. అది లోకానికి కొత్తది కావాలి. ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు. తయారుచేసి వాడుకోదగినది కావాలి. గొర్రుకు ఒక ఎరువు డబ్బా తగిలించి, దేని పని అది చేస్తూ ఉంటే పేటెంటు రాదు. రెండూ కలిసి, విడివిడిగా చేయలేని కొత్త పని చేస్తే ఆశ ఉంది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశంగారిని చూడండి. చీర నేతకు ముందు ఆసు పోయడం పాత పనే. తల్లి వేలసార్లు చేయి ఆడిస్తూ పడే బాధ చూసి, ఆ పని చేసే యంత్రాన్ని కనిపెట్టారు. పని పాతది, యంత్రం కొత్తది. పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది.

ఒక హెచ్చరిక. దరఖాస్తు పెట్టకముందే పరికరాన్ని సంతలో, తిరునాళ్లలో పదిమందికీ చూపకండి, ఫోటోలు పంచకండి, అమ్మకండి. చూపిన మరునాడు అది కొత్తది కాకుండా పోతుంది, ఆ తరువాత మీరే వెళ్లి అడిగినా ఇవ్వరు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలకూ, తప్పనిసరి పరీక్షలకూ చట్టంలో కొంత వెసులుబాటు ఉన్నది గాని, దానిని నమ్ముకుని కూర్చోవద్దని నా సలహా.

మన రెండు తెలుగు రాష్ట్రాలకూ పేటెంటు కార్యాలయం చెన్నైలో ఉన్నది. పరికరం ఇంకా పూర్తి కాకపోయినా తాత్కాలిక వివరంతో దరఖాస్తు పెట్టి తేదీ దక్కించుకోవచ్చు. పూర్తి వివరం పన్నెండు నెలలలోపల ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకున్నట్లే. కాగితాలు రాయించుకోలేనివారికి గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌వారు తోడ్పడతారు. పరికరం బొమ్మ గీసి, ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుగులోనే రాసి పంపండి.