గుఱ్ఱము పుట్టుకకు సాక్ష్యము



గట్టు తగవు వచ్చినపుడు గ్రామస్థులు పెద్దలైన మీయొద్దకు వత్తురు. మీరు సాక్షుల నడిగి, కాగితములు చూచి తీర్పు చెప్పుదురు. ఇంగ్లండులో నొక గుఱ్ఱమునకు తల్లి యేదను తగవును పందెపు పెద్దలు ఇట్లే తీర్చిరి. ఆ కథను మనవి చేయుదును.

1880వ సంవత్సరపు డర్బీ పందెమున వెస్ట్‌మినిస్టరు డ్యూకుగారి 'బెండ్ ఆర్' తల మాత్రపు తేడాతో 'రాబర్ట్ ది డెవిల్' అను గుఱ్ఱమును గెలిచెను. ఓడినవారు ఊరకుండలేదు. గెలిచినది బెండ్ ఆర్ కాదనియు, అదే సాలలో పుట్టిన టాడ్‌కాస్టర్ అనియు, చిన్ననాడే రెండును తారుమారైనవనియు ఫిర్యాదు చేసిరి. రెండును ఎఱ్ఱనివే, రెండింటికిని తండ్రి డాన్‌కాస్టరే. తల్లులు మాత్రము వేఱు. బెండ్ ఆర్ తల్లి రూజ్ రోజ్, టాడ్‌కాస్టరు తల్లి క్లెమెన్స్.

డ్యూకుగారి కొలువులో పూర్వముండిన గుఱ్ఱపువాడొకడు ఈ మార్పు నిజమేయని చెప్పెను. పెద్దలు విచారించి, ఫిర్యాదును త్రోసివేసిరి. డ్యూకెక్కడ, గుఱ్ఱపువాడెక్కడ! వారు తెలిసి యన్యాయము చేసిరని నేననను. నోటిమాటయు, సాల పుస్తకమును దప్ప ఆనాడు వేఱాధారము లేదు. మనవారు గుఱ్ఱమునకు సుళ్లు చూతురు. సుడి తల్లి పేరు చెప్పజాలదు గదా.

ఇప్పుడట్లు గాదు. జీవకణములలో డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. గుఱ్ఱమునకుగల 64 క్రోమోజోములలో 32 తల్లినుండి, 32 తండ్రినుండి వచ్చును. జూలునుండి కుదుళ్లతో కొన్ని వెండ్రుకలు పెఱికి పంపిన చాలును. నియమితస్థానములలో పిల్లకు రెండేసి గుర్తులుండును. ఒకటి తల్లిలోను, రెండవది తండ్రిలోను కనబడవలయును. పలుచోట్ల కనబడనిచో చెప్పినది తండ్రి కాదన్నమాట. పందెపు జాతిగుఱ్ఱముల పట్టీలో పేరెక్కుటకు నేడీ పరీక్ష తప్పదు.

బెండ్ ఆర్ పేరుగల యస్థిపంజరము లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో కలదు. డి.ఎన్.ఏ.లో నొక భాగము తల్లినుండి మాత్రమే బిడ్డకు సంక్రమించును. తండ్రి యొక్కటేయైన యీ తగవునకు కావలసినదదియే. శాస్త్రజ్ఞులు దానిని యెముకనుండి తీసి, ఆ తల్లుల వంశములతో పోల్చిరి. 2012లో ఫలితము ప్రకటితమైనది. ఎముక రూజ్ రోజ్ వంశముతో గలియలేదు. క్లెమెన్స్ వంశముతో గలిసెను. ఆ యెముకలు డర్బీ గెలిచిన గుఱ్ఱమువేయైనచో, గుఱ్ఱపువాని మాట 132 ఏండ్లకు నిలిచినట్లే.

ఆ గుఱ్ఱమునకు పుట్టిన ఆర్మండ్ 1886లో డర్బీ గెలిచెను. దాని వంశావళిలో నాయనమ్మ పేరు రూజ్ రోజ్ అనియే వ్రాయబడినది.