బ్రెజిల్ యాంటీటర్, మన ఊరి అలుగు

నేను రెడ్‌మండ్‌లో కంప్యూటర్లతో పొట్టపోసుకునేవాణ్ణి, జంతుశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఆసక్తి కొద్దీ తెలుసుకున్న నాలుగు ముక్కలు మీతో పంచుకుంటాను.

ఇక్కడ మన పిల్లలకి బొమ్మల పుస్తకాల్లో జెయింట్ యాంటీటర్ బాగా పరిచయం. దక్షిణ అమెరికా జంతువు. నోట్లో ఒక్క పన్ను ఉండదు. రెండడుగుల నాలుకతో రోజుకి వేల చీమల్ని, చెదల్ని లాగేస్తుంది. ఒక పుట్ట దగ్గర కాసేపే ఉండి ఇంకో పుట్టకి వెళ్ళిపోతుంది. అందుకే పుట్ట నాశనం కాదు, రేపటి భోజనం మిగులుతుంది.

మరి జూలో అన్ని చీమల్ని రోజూ ఎక్కడినుంచి తెస్తారు? వేరే తిండి పెట్టి చూశారు. కొన్నిటికి గుండె కండరం సాగి, బలహీనపడి జబ్బు చేసింది. పశువైద్యులు వెతగ్గా, తిండిలో టారిన్ అనే పదార్థం తక్కువైందని తేలింది. 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వారు పిల్లుల్లో కనిపెట్టిన లోపమే ఇది! మీ ఇంట్లో పిల్లి ఉంటే దాని తిండి డబ్బా మీద చూడండి, టారిన్ పేరు ఉంటుంది.

అడవిలో ఉన్నవాటికి వేరే గండం. బ్రెజిల్‌లోని మాటో గ్రోసో దో సుల్ రాష్ట్రంలో హైవేల మీద బళ్ళ కింద పడి ఎన్నో చచ్చిపోతున్నాయి. 2017లో అక్కడ పరిశోధకులు ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. బతికున్నవాటికి జీపీఎస్ పట్టీలు కట్టి ఎటు తిరుగుతున్నాయో చూశారు, చచ్చిపోయినవాటికి పోస్టుమార్టం చేశారు.

ఇంతకీ ఇలాంటి జీవి మన ఊళ్ళలోనూ ఉందని మీలో ఎంతమందికి తెలుసు? దాని పేరు అలుగు. ఇంగ్లీషులో పాంగోలిన్. చెరువు అలుగు కాదండోయ్! ఒళ్ళంతా పొలుసులు, ముట్టుకుంటే అలిగినట్టు బంతిలా చుట్టుకుపోతుంది. దీనికీ పళ్ళు లేవు, పొడుగు నాలుకే. అయినా యాంటీటర్‌కి చుట్టం కాదు. పిల్లులు, కుక్కలే దీనికి దగ్గర బంధువులు. ఒకే తిండి అలవాటు రెంటినీ ఒకే తీరుగా మలిచిందన్నమాట.

పులి పళ్ళనుంచి కాపాడే ఆ చుట్టుకోవడమే మనిషి చేతికి దాన్ని సులువుగా చిక్కిస్తోంది. పొలుసుల్లో మందు ఉందని చంపుతున్నారు. నిజానికి ఆ పొలుసు మన గోరులో ఉండే కెరటినే! పైగా ఇది సాధారణంగా ఈతకి ఒక్క పిల్లనే కంటుంది. మన 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఇది ఉంది. 2016లో జొహానెస్‌బర్గ్ సమావేశంలో మొత్తం ఎనిమిది జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు. ఒడిశాలోని నందన్‌కానన్ జూలో వీటిని పెంచి, పిల్లల్ని పుట్టించే కేంద్రం ఉంది. మన హైదరాబాదు సీసీఎంబీ వారి ల్యాబులో, పట్టుబడిన మాంసమో చర్మమో ఏ జంతువుదో డీఎన్ఏతో తేల్చి చెబుతారు.

ల్యాబు చెప్పేసరికి జంతువు పోయే ఉంటుంది. అందుకే మీకో మనవి. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మనో తాతయ్యనో అలుగు గురించి అడగండి, ఫోను పిల్లల చేతికివ్వండి. సెలవుల్లో వెళ్ళినప్పుడు ఎవరైనా తాయెత్తుకనో మందుకనో పొలుసు ఇవ్వబోతే, వద్దని చెప్పండి. కొనేవాడు లేకపోతే వేటగాడికి పనే లేదు.