తల్లి మీద ఇల్జాం వద్దు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పేవాళ్ళము. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించగలరు.

మా క్లాసులో ఒక అబ్బాయికి చిన్న దెబ్బ తగిలినా రక్తం ఓ పట్టాన ఆగదు. డాక్టర్లు హీమోఫీలియా అన్నారు. చుట్టాలు మాత్రం "మా ఖాందాన్‌లో ఎవరికీ లేదు, ఈ కోడలే తెచ్చింది" అని వాళ్ళ అమ్మీని ఆడిపోసుకున్నారు. ఆమె బడి గుమ్మంలో నిలబడి, "సార్, నా తప్పేమిటి?" అని అడిగింది. ఆనాడు చెప్పలేని జవాబు ఈనాడు చెప్తున్నాము.

మన కణంలోని డి.ఎన్.ఎ.లో సుమారు సగం, ఒకప్పుడు చోటు మారుతూ తిరిగిన ముక్కల అవశేషాలే. అటువంటి ముక్కలను మొక్కజొన్నలో కనిపెట్టిన బార్బరా మెక్లింటాక్‌కు 1983లో నోబెల్ బహుమతి లభించినది. ఇవి పనికొచ్చే జన్యువులోకి దూకితే అది చెడిపోతుంది. అందుకని కణం వాటి నోరు మూయిస్తుంది. డి.ఎన్.ఎ. మీద మిథైల్ అనే చిన్న గుర్తు పెడుతుంది, హిస్టోన్ ప్రొటీన్లతో బిగించి చుడుతుంది. అక్షరం మారదు, పుస్తకం మూతపడుతుంది.

ఎక్కడ మూయాలో చిన్న ఆర్.ఎన్.ఎ. ముక్కలు దారి చూపుతాయి. ఇది మనకు దూరపు సంగతి కాదు. హబ్సిగూడలోని సీసీఎంబీకి చెందిన ఉత్పల్ భద్ర, మణికా పాల్ భద్ర, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి 2004లో 'సైన్స్' పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. పండ్ల ఈగలలో కంటి రంగు జన్యువు మూతపడిన చోట ఉన్నది. ఆర్.ఎన్.ఎ. యంత్రాంగాన్ని చెడగొడితే ఆ మూత సడలి, రంగు తిరిగి వచ్చినది.

కాపలా ఒక్కోసారి తప్పుతుంది. 1988లో అమెరికాలో కజాజియన్ బృందం 240 మంది హీమోఫీలియా రోగులను పరీక్షించగా, ఇద్దరిలో ఎల్-1 అనే ముక్క ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువులోకి దూకి ఉన్నది. తల్లిదండ్రుల్లో ఆ జన్యువు బాగానే ఉన్నది.

అందరికీ ఇదే కారణం కాదు. చాలామందికి తల్లి నుంచే వస్తుంది. అయినా ఆమె కోరి ఇచ్చినది కాదు గదా! కాబట్టి పెద్దలకు మా మనవి ఒక్కటే: ఇల్జాం మానండి, పరీక్ష చేయించండి, ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు ఇప్పించండి. ఇక మన దమ్మాయిగూడ పిల్లలు సీసీఎంబీ గేటును బస్సులోంచి చూసి వస్తున్నారు. కొందరైనా ఆ గేటు లోపలికి పోవాలి.

ఆ అమ్మీ ఈ సభలో ఉంటే, ఆమె ప్రశ్నకు మా జవాబు: బేటీ, నీ తప్పేమీ లేదు.