పాత ఫోటోలో ఉన్నదెవరు?

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో హీబర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది. అక్కడ మైక్ డిస్‌ఫార్మర్ దశాబ్దాల పాటు ఫోటో స్టూడియో నడిపారు. రైతులు, దంపతులు, రెండో ప్రపంచ యుద్ధ కాలపు సైనికులు ఆయన కెమెరా ముందు నిలబడ్డారు. 1959లో ఆయన పోయాక, స్టూడియోలోని వేలాది గాజు నెగటివ్‌లు 5 డాలర్లకే చేతులు మారాయి. 1976లో పుస్తకంగా వచ్చాక ఆ ముఖాలు లోకానికి తెలిశాయి. కానీ ఎవరు ఎవరో చెప్పగలిగేది ఆ ఊరివాళ్లు, వాళ్ల పిల్లలే.

మన ఇళ్లలోని ఫోటోలకూ ఇదే వర్తిస్తుంది. ముందుగా ఫోటో అట్ట వెనక స్టూడియో ముద్ర, చేతిరాత ఉన్నాయేమో చూడండి. అదే తెర, అదే కుర్చీ మరో ఫోటోలో కనిపిస్తే రెండూ ఒకే చోట తీసినవి కావచ్చు. చీరకట్టు, నగలు కాలాన్ని పట్టిస్తాయి. అయితే చేతి గడియారం, కోటు లాంటివి స్టూడియోవాళ్లే ఇచ్చి ఉండవచ్చు, వాటిని బట్టి ఆస్తిపాస్తులు అంచనా వేయకండి. తర్వాత పెద్దవాళ్లను విడివిడిగా అడగండి. వాళ్లలో ఇద్దరు ఒకే పేరు చెబితే ఆ పేరును నమ్మవచ్చు.

తెలిసిన పేరు, వరస, ఊరు మెత్తని పెన్సిల్‌తో ఫోటో వెనక రాయండి. బాల్‌పెన్ వద్దు, దాని ఒత్తిడి ముందువైపు కనిపిస్తుంది. అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఈ ఆదివారమే ఆల్బమ్ తెరవండి.