నగర రికార్డుల పరిరక్షణ కూడా మన డిమాండే

(బిలాస్‌పూర్ రైల్వే ప్రాంతంలోని తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాలను గురించి, పింఛను గురించి, క్వార్టర్ల మరమ్మతులను గురించి వినవచ్చిన మీకు మునిసిపల్ ఆఫీసు బీరువాలను గురించి చెప్పబోవడం కొందరికి వింతగా తోచవచ్చు. “అది నగర పాలక సంస్థ గుమాస్తాల పని, మన యూనియన్‌కు అందులో ఏమి సంబంధం?” అని సభ్యులు కొందరు ఇదివరకే అడిగినారు. సంబంధం ఉన్నది. మన శాఖల వద్దకు వస్తున్న కుటుంబ సమస్యలు అనేకం జీతంతో కాక, ఒక కాగితం దొరకకపోవడంతో మొదలవుతున్నవి.

ఒక వ్యవహారం చెప్పెదము. రిటైరైన గ్యాంగ్‌మన్ ఒకరు మరణించగా ఆయన భార్యకు కుటుంబ పింఛను వస్తున్నది. ఎనభై ఏళ్లు నిండినవారికి మూల పింఛనుపై 20 శాతం, 85 నిండితే 30, 90 నిండితే 40, 95 నిండితే 50, నూరేళ్లు నిండితే 100 శాతం అదనంగా చెల్లించవలెనని ఆరవ వేతన సంఘం సిఫారసుల తరువాత నిర్ణయమైనది. కుటుంబ పింఛనుదారులకు కూడా ఇది వర్తిస్తుంది. మంచి నిర్ణయమే. కాని పాత పింఛను ఉత్తర్వులు చాలావాటిలో భార్య పుట్టిన తేదీ లేదు. ఆ అమ్మగారు పుట్టినది శ్రీకాకుళం ప్రాంతపు పల్లెలో, మంత్రసాని చేతిలో. ఆనాటి జనన మరణ లెక్క గ్రామ మునసబు వద్ద ఉండేది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయినప్పుడు ఆ దస్త్రాలు చేతులు మారినవి; కొన్ని చేరవలసిన చోటికి చేరినవి, కొన్ని అటకల మీదనే ఉండిపోయినవి. ఆధార్‌లో ఒక సంవత్సరం, ఓటరు కార్డులో మరొక సంవత్సరం. ఏది నిజమో తేల్చుకొని రమ్మని కార్యాలయం వారు తిప్పి పంపినారు. ఎనభై ఏళ్ల మనిషి తాను పుట్టినట్లు రుజువు తెచ్చుకొనవలసి వచ్చినది! మేము పలుమార్లు తిరిగిన మీదట ఆ 20 శాతం ఆమెకు అందినది. అందే లోపల పోయిన నెలలు మాత్రం ఆమె వయస్సులో చిన్నవి కావు.

ఇది ఒక ఇంటి కథ కాదు. మన తెలుగువారు ఈ ఊరికి ఎట్లు వచ్చినారో జ్ఞాపకం చేసుకొనండి. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే ఈ అడవుల మధ్య పట్టాలు వేసి బిలాస్‌పూర్‌ను జంక్షన్‌గా చేసినది. అదే కంపెనీ మార్గం అటు వాల్తేరు వరకు సాగినది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి అయినది. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా మనవారు వచ్చి ఇక్కడి రైల్వే కాలనీలలో స్థిరపడినారు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లుట మన ఆచారం. కనుక పెద్దబిడ్డ జననం ఆంధ్ర గ్రామంలో, రెండవ బిడ్డది రైల్వే ఆసుపత్రిలో, మూడవది ఇంటివద్ద జరిగితే మునిసిపాలిటీలో నమోదైనది. ఒక తల్లి బిడ్డల లెక్క మూడు చోట్ల ఉన్నది. కొందరిది ఎక్కడా లేదు.

ఇంతలో ప్రభుత్వాలు మారినవి. ఈ ఊరు 1956 వరకు నాగపూర్ రాజధానిగా గల రాష్ట్రంలో, తరువాత భోపాల్ కింద, 2000 నవంబరు 1 నుండి రాయపూర్ కింద ఉన్నది. మన రైల్వే 1944లో కంపెనీ చేతి నుండి ప్రభుత్వం చేతికి వచ్చి, 1952లో తూర్పు రైల్వేలో కలిసి, 1955లో ఆగ్నేయ రైల్వే అయినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌కే వచ్చేవరకు మన పై కార్యాలయం కలకత్తాలోని గార్డెన్ రీచ్. గద్దె మారినప్పుడల్లా దస్త్రాలు కట్టకట్టి బండి ఎక్కినవి. ఎక్కించినవన్నీ దిగినవా అని లెక్క చూచినవారు అరుదు.

ఇక అసలు సంగతికి వత్తము. రైతుకు భూమి రికార్డు ఉన్నది. ఈ జిల్లా యంత్రాంగం పాత మిసల్ బందోబస్తు రికార్డులను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉంచినది, మెచ్చుకొనదగిన పని. కాని అందులో మన పేర్లు వెదకి లాభం లేదు. క్వార్టరులో పుట్టి, క్వార్టరులో పెరిగి, రిటైరైననాడు తాళం అప్పగించి పోయేవానికి సర్వే నంబరు ఎక్కడిది? ఇంటి పన్ను రసీదు కూడా ఉండదు, ఇల్లు రైల్వేది గనుక. ఛత్తీస్‌గఢ్‌లో కుల ధ్రువీకరణ పత్రానికి షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు 1950 నాటికి, వెనుకబడిన తరగతులవారు 1984 నాటికి తమ కుటుంబం ఇక్కడ నివసించినట్లు చూపవలసి ఉన్నది. తోర్వాలోగాని, తార్‌బాహర్‌లోగాని మూడు తరాలుగా బ్రతికిన కుటుంబం దీనిని దేనితో చూపగలదు? తాతగారి సర్వీసు రిజిస్టరు, బడిలోని దాఖలా రిజిస్టరు, పాత ఓటర్ల జాబితా, మునిసిపాలిటీ జనన మరణ రిజిస్టరు — ఇంతే. ఆస్తి లేనివానికి ప్రభుత్వ రిజిస్టరులోని ఒక పంక్తియే దస్తావేజు. భూస్వామికి ఆ రిజిస్టరు చెదలు తిన్నా నష్టం లేదు, మనకు ఉన్నది. ఇందువలననే దీనిని యూనియన్ పని అంటున్నాము.

చట్టం ఏమి చెప్పుచున్నది? 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం రిజిస్ట్రారు వద్ద మన పద్దును వెదికించి నకలు పొందే హక్కు ప్రతి ఒక్కరికి ఉన్నది. మరణం నకలులో మరణ కారణం మాత్రం వెల్లడి చేయరాదు, అది న్యాయమే. ఈ రిజిస్టర్లు శాశ్వత ప్రాముఖ్యం గలవని, నాశనం చేయరాదని నిబంధనలే చెప్పుచున్నవి. 2023 సవరణ తరువాత, ఆ సంవత్సరం అక్టోబరు 1న, ఆపైన పుట్టినవారికి బడిలో చేరికకు, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, ప్రభుత్వ ఉద్యోగానికి జనన పత్రమే ఆధారం. అనగా మన మనుమలకు ఆ పత్రం లేనిదే ఏ తలుపూ తెరుచుకొనదు. సంవత్సరం దాటిన జననాన్ని నమోదు చేయించవలెనన్న మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. దానికి పోయే సెలవులు ఎన్నో మీకు తెలియును.

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం మన రైల్వేకు, తపాలా శాఖకు వర్తిస్తుంది. దాని కింద ప్రతి కార్యాలయంలోను రికార్డుల అధికారి ఉండవలెను. చట్ట విరుద్ధంగా రికార్డును నాశనం చేసినవారికి అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చును. అయితే ఈ చట్టం కేంద్ర ప్రభుత్వ రికార్డులకు. నగర పాలక సంస్థకు అది వర్తించదు. అక్కడ మన చేతిలో ఉన్నది 2005 నాటి సమాచార హక్కు చట్టం. ప్రతి ప్రభుత్వ సంస్థ తన రికార్డులకు పట్టిక, సూచిక తయారుచేసి ఉంచవలెనని దాని నాలుగవ సెక్షన్ మొదటి మాటగానే చెప్పుచున్నది. సమాచారానికై దరఖాస్తు చేసేవారు చాలామంది ఉన్నారు. పట్టిక ఏది అని అడిగేవారు లేరు. మేము అడుగుదమంటున్నాము.

బిలాస్‌పూర్ మునిసిపాలిటీ 1867 నాటిది. 1981లో నగర పాలక సంస్థ అయినది. 2019లో తిఫ్రా, సిర్గిట్టి, సక్రీ పట్టణ సంస్థలను, వాటితోపాటు 15 గ్రామ పంచాయతీలను ఇందులో కలిపినారు. సిర్గిట్టిలో మనవారు కొందరు రిటైరైన తరువాత ఇళ్లు కట్టుకొన్నారు. ఆ పాత సంస్థల జనన మరణ రిజిస్టర్లు, పన్ను పుస్తకాలు, తీర్మానాల పుస్తకాలు ఎన్ని సంపుటాలు, ఏ తేదీన, ఎవరు ఎవరికి అప్పగించినారు? స్టేషన్ మాస్టరు డ్యూటీ మారునప్పుడు చార్జి పుస్తకంలో ఇద్దరూ సంతకం చేయక ఒకరు కుర్చీ వదలరు. పోస్టాఫీసులో ఒక రిజిస్టర్డు కవరు చేయి మారినా సంతకం ఉండవలెను. ఊళ్లకు ఊళ్లే చేయి మారినప్పుడు ఆ సంతకాల కాగితం చూపుమని కోరుట అతిశయం కాదు గదా.

రిజిస్టరు విలువ ఏమిటో రైలు నడిపేవారికి వేరే చెప్పనక్కరలేదు. ప్రమాదం జరిగితే మొదట స్వాధీనం చేసుకొనేవాటిలో ట్రైన్ సిగ్నల్ రిజిస్టరు ఒకటి. అందులో చెరిపివేత కూడదు. తప్పు పడితే పాత అంకె కనబడునట్లు గీత గీసి, పక్కన సరియైనది వ్రాసి, సంతకం చేయవలెను. నగరపు రిజిస్టర్లకు కూడా ఇదే మర్యాద కావలెను.

కాగితాన్ని చంపేది ఎక్కువగా ద్రోహం కాదు, నిర్లక్ష్యం. బిలాస్‌పూర్ ఎండకు కాగితం పెళుసెక్కుతుంది, వెంటనే వానలలో చెమ్మ పీల్చి బూజు పడుతుంది. నేలమీద, గోడకు ఆనించి పెట్టిన కట్టలకు చెదలు నేల నుండే వచ్చును. ఇందుకు గొప్ప యంత్రాలు అక్కరలేదు. గోడకు జానెడు దూరంగా ఇనుప అరలు, క్రింది అరకు నేలకు మధ్య ఖాళీ, గాలి ఆడే కిటికీ, కారని కప్పు, గుడ్డలో కట్టిన కట్టలు, సంవత్సరానికి రెండుమార్లు దులిపి లెక్క చూచే మనిషి ఉంటే సగం పని అయినట్లే. చిరిగిన పుటకు పారదర్శక టేపు అంటించుట మాత్రం కూడదు. కొన్నేళ్లకు ఆ జిగురు పసుపెక్కి అక్షరాన్నే మింగుతుంది. పలుచని టిష్యూ కాగితంతో అతికించవలెను.

ఆ మనిషి ఎవరు అన్నదే ప్రశ్న. ఎన్నో కార్యాలయాలలో రికార్డు గదికి బదిలీ అంటే శిక్ష. కిట్టని గుమాస్తాను అక్కడికి పంపుతారు. అతడు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగానే ఉంటుంది. ఏ కట్టలో ఏమున్నదో అతని తలలోనే ఉండి అతనితోనే పోతుంది. “దొరకలేదు” అని మనకు చెప్పే ఉద్యోగి మీద కేకలు వేయకండి. అతడూ కార్మికుడే. కప్పు కారే గదిలో, సహాయకుడు లేకుండా, దుమ్ములో పనిచేస్తున్నాడు. ఆ పోస్టులు భర్తీ చేయవలెనని అతని సంఘం కోరితే మన సంఘం పక్కన నిలబడవలెను.

కంప్యూటరు వచ్చినది గదా, ఇంకా ఈ పాత కట్టలేల అనేవారున్నారు. కంప్యూటరును మేము వ్యతిరేకించము. మన సర్వీసు రిజిస్టర్లు కూడా రైల్వేలో కంప్యూటరులోకి ఎక్కినవి; ఎక్కించునప్పుడు అక్షరం తప్పితే ఏమి జరుగునో తమ ఇంటిపేరు హిందీలో ఒక విధంగా, ఇంగ్లీషులో మరొక విధంగా పడినవారిని అడగండి. ఆ తప్పు దిద్దుటకు అసలు రిజిస్టరే కావలెను. స్కాన్ చేసినాము గనుక అసలు పారవేయవచ్చునన్న మాటను మనం ఎన్నడూ అంగీకరించరాదు.

సంపన్న దేశాలలో ఇట్టివి జరగవనుకొనవద్దు. జర్మనీలోని కొలోన్ నగరపు చారిత్రక రికార్డుల భవనం 2009 మార్చి 3న కూలిపోయినది. పక్కనే భూగర్భ రైలు మార్గానికై తవ్వుతున్నారు. పక్క ఇళ్లలోని ఇద్దరు మరణించినారు. సుమారు 30 కిలోమీటర్ల అరల మేర రికార్డులు మట్టిలో, నీటిలో పడినవి. చాలా భాగం వెలికితీసినారు గాని, బాగుచేసే పని ఇంకా దశాబ్దాలు పట్టునని చెప్పుచున్నారు. అంత డబ్బు, అంత నైపుణ్యం ఉన్న నగరం కనుక వెలికితీసుకొన్నది.

ఇక మన పని. నగర పాలక సంస్థ కమిషనరుకు ఇవ్వవలసిన విజ్ఞప్తి సిద్ధమైనది. 1867 నుండి ఉన్న జనన మరణ రిజిస్టర్ల పట్టికను సంవత్సరం వారీగా, లేనివాటిని లేవని చూపుతూ, ప్రకటించవలెనని, 2019లో కలిసిన సంస్థల అప్పగింత జాబితాలు చూపవలెనని, పాత కాగితాలు తూకానికి అమ్మేముందు జాబితాను నోటీసు బోర్డుపై నెలరోజులు ఉంచవలెనని అందులో కోరినాము. రైల్వే ఆసుపత్రి పాత జనన రిజిస్టర్లను గురించి రైల్వే అధికారులకు వేరుగా వ్రాస్తున్నాము.

మీరు చేయవలసినది కొంత ఉన్నది. ఈ వారంలోనే ఇంటి ట్రంకు పెట్టె దింపండి. తాతగారి నియామక ఉత్తర్వు, పాస్ కాగితం, బడి సర్టిఫికెట్టు, పింఛను ఉత్తర్వు ఏవి ఉన్నవో వ్రాసుకొనండి. కుటుంబ పింఛను పొందుతున్న పెద్దల పేర, వారి పుట్టిన తేదీ ఉత్తర్వులో ఉన్నదో లేదో చూడండి. లేనివారి పేర్లు శాఖ కార్యదర్శికి నెలాఖరులోగా చేర్చండి. అసలు కాగితాలు ఎవరికీ, యూనియన్‌కు కూడా, ఇవ్వకండి, నకళ్లు చాలును. ఆదివారం ఉదయం 10 గంటలకు శాఖ కార్యాలయంలో ఇద్దరు కార్యకర్తలు ఫారాలు నింపిపెట్టుటకు కూర్చుంటారు.