కన్ను చూచునది, యంత్రము చూచునది
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మిట్టమధ్యాహ్నపు ఎండలో నున్న బొగ్గు, గదిలో నీడనున్న తెల్లకాగితముకంటె ఎక్కువ వెలుతురును మన కంటికి పంపును. అయినను బొగ్గు నల్లగానే, కాగితము తెల్లగానే కనబడును. కాంతిని కొలుచు పరికరమును అడిగినచో వెలుగు ఎక్కువగలది బొగ్గే యని తీర్పు చెప్పును. ఆ తీర్పు అబద్ధము కాదు. కాని వస్తువును గుర్తించినది మాత్రము కన్నే. ఏలనన, కన్ను కాంతిని ఊరక కొలువదు, పరిసరములతో పోల్చి చూచును.

ఆ పోలిక ఎట్లు జరుగును? 1953లో కఫ్లర్ అను శాస్త్రజ్ఞుడు పిల్లి రెటీనాను పరీక్షించెను. అందలి నాడీకణము తన పరిధిలో మధ్యభాగమున వెలుగు పడినపుడు ఉత్తేజము పొందుననియు, చుట్టునున్న వలయమున పడినపుడు మందగించుననియు తేల్చెను. (కొన్ని కణములలో ఇది తారుమారుగ నుండును.) 1980లో మార్, హిల్డ్రెత్ అనువారు ఇట్టి ఏర్పాటునే పోలిన గణితముతో, చిత్రములోని అంచులను కంప్యూటరు కనిపెట్టు పద్ధతిని రూపొందించిరి.

అయితే చిక్కులు లేకపోలేదు. నలుపు తెలుపు చారల బొమ్మలో ఒక నల్లచారను కొంతమేర తీసి బూడిదరంగు ముక్క పెట్టుడు. దానికి ఇరుప్రక్కల పొడవునా తెల్లచారలే గనుక, పాత లెక్క ప్రకారము అది నల్లబడవలెను. కాని తెల్లచారలో పెట్టిన అదే రంగు ముక్కకంటె ఇదియే తెల్లగా తోచును! ఈ భ్రమను 1979లో వైట్ అనునతడు ప్రకటించెను.

దీనిని సాధింప బూనినవారిలో మన కలకత్తావారు కలరు. కుంతల్ ఘోష్, సందీప్ సర్కార్, కమలేశ్ భౌమిక్ గార్లు 2006లో, ఆ వలయమునకు వెలుపలి విస్తృత పరిసరమును కూడ లెక్కలోనికి తీసికొని, పలు వెలుగు భ్రమలను వివరించు నమూనాను ప్రతిపాదించిరి. శరీరశాస్త్రము, భౌతికశాస్త్రము, గణితము ఒకే పంక్తిని కూర్చుండిన సందర్భమిది.

ఘోష్ గారి కృషికి నెలవైన, బారక్‌పూర్ ట్రంకు రోడ్డు మీది భారత గణాంక సంస్థ మనకు పరాయిది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన సి.ఆర్. రావుగారు 1941లో అచ్చటికే వచ్చిరి. అంతేకాదు, యంత్రమునకు ధ్వనులు గుర్తించుట నేర్ప అచ్చట వాడిన 871 అచ్చుల ఉచ్చారణలు తెలుగువే. పలికినవారు ముగ్గురు!

భ్రమలతో మనకు పనియేమి యని కొందరు అడుగవచ్చును. 2013లో కొందరు పరిశోధకులు బడిబస్సు చిత్రములో కంటికి ఆననంత స్వల్పమైన మార్పులు చేయగా, అంతవరకు సరిగా గుర్తించిన కంప్యూటరు దానిని నిప్పుకోడి యనెను. ఏ పసివాడును చేయని తప్పు ఇది. అట్టి బంధువర్గమునకు చెందిన యంత్రములచేతనే నేడు ఛాతీ ఎక్స్‌రేలను సైతము చదివించుచున్నారు. అవి మనవలె చూచుటలేదని ఎరుగక వాటి మాట నమ్మినచో, నష్టపోవునది రోగి. కావున మన కన్ను ఎచ్చట, ఎందుచేత తప్పునో వెదకు పరిశోధనను వినోదముగా నెంచరాదని నా అభిప్రాయము.

నేటి రాత్రి ఇంట పిల్లలచేత ఒకే బూడిదరంగు కాగితమునుండి రెండు ముక్కలు కత్తిరింపించి, నేను చెప్పిన చారలపై అంటింపించుడు. రెండును ఒక్కటేయని తెలిసిన పిదప కూడ కన్ను ఒప్పుకొనదు.