ముక్కు కొలత – మనిషి విలువ
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు మన ఇళ్ళలో ఇప్పటికీ "పిల్లది కోటేరు ముక్కు", "ఆ పిల్లది చప్పిడి ముక్కు" అనే మాటలు వినిపిస్తుంటాయి. ఆ మాట పడిన బిడ్డ ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించము. అందుకే ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

ముక్కును వేలితో తాకి చూడండి. కళ్ళజోడు ఆనే చోట ఎముక. కింద మెత్తగా వంగేది మృదులాస్థి. నడుమ ఒక గోడ, ఇరువైపులా రేకులు. వీటి వెడల్పు, వంపు మనిషి మనిషికీ మారుతాయి. మన వయసులో పట్టు సడలి కొన కిందికి వాలుతుంది. అందుకే పెళ్ళినాటి ఫొటోలో కన్నా ఇప్పుడు ముక్కు పొడుగ్గా కనిపిస్తుంది.

ఈ తేడాల మీద ఒకప్పుడు పెద్ద లెక్కే నడిచింది. 1901 జనాభా లెక్కల కమిషనరు రిస్లీ దొర, ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూరుతో గుణించే పద్ధతి పట్టుకున్నారు. 70 లోపు వస్తే సన్న ముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు. ముక్కు సన్నబడే కొద్దీ కులం హెచ్చు అని వారి సిద్ధాంతం. మన జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడి మ్యూజియం అధికారి థర్‌స్టన్ కూడా ముక్కులు కొలిచారు. దక్షిణాది కులాల మీద రంగాచారి గారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు వెలువరించారు.

ఉద్యోగమంతా రిజిస్టర్లు రాసినవాణ్ణి నేను. కాలమ్‌లో వేసిన అంకె సరైనదే కావచ్చు. కానీ పైన పెట్టిన శీర్షిక తప్పయితే పేజీ అంతా తప్పే. ఇక్కడ జరిగింది అదే. 1948లో డాక్టర్ అంబేద్కర్ గారు ఆ ముక్కు కొలతలనే తిరగేసి, వీటిని నమ్మితే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని తేలుతుందని చూపించారు.

మరి తేడాలు ఎందుకు వచ్చాయి? ముక్కు పని గాలిని వెచ్చబరచి, తడిచేసి ఊపిరితిత్తులకు పంపడం. చలి, పొడి గాలి ఉన్న చోట సన్నని పుటాలు ఆ పనికి అనువు. 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు మన దక్షిణాసియా వారితో సహా నాలుగు ప్రాంతాల సంతతివారి ముక్కులు పరిశీలించారు. పూర్వీకుల ప్రాంతపు వేడికి, గాలిలోని తేమకు పుటాల వెడల్పుతో పొంతన ఉందని చెప్పారు. తరతరాల వలసలు, వంశపారంపర్యం కూడా తోడయ్యాయి. మన అనంతపురం పొడిగాలిని అన్ని రకాల ముక్కులూ పీలుస్తూనే ఉన్నాయి కదా!

కనుక మనుమరాలి ఫొటో చూసి ఎవరైనా ముక్కుకు వంక పెడితే, పెద్దలుగా మనం ఊరుకోరాదు. అది తాతముత్తాతలు ఇచ్చిన ముక్కు అని బిడ్డ వినేలా చెప్పాలి.